నా వాటాకు వచ్చిన సగం కొండ

నా తోడికోడలి మీద నాకున్న కుళ్లు గురించి రాయాలంటే ముందు మా మావయ్య తీసిన కొండ ఫోటోల గురించి రాయాలి. ఆ ఫోటోలు లేకపోయినా ఆమెను చూసి కుళ్లుకునేదాన్నే. కాకపోతే ఇంత పట్టుగా, ఇన్నేళ్లపాటు కాదు.

మావయ్యకు చిలకలూరిపేటలో చిన్న ఫోటో స్టూడియో ఉండేది. ఇల్లు మాత్రం పల్లెలోనే. పొద్దున్నే సైకిలెక్కి వెళ్లి పొద్దుగూకే వేళకు వచ్చేవారు. పెళ్లి ఫోటోలు తీయడం, మిల్లుల్లో చేరేవాళ్లకు కార్డు ఫోటోలు తీయడం, పోయినవాళ్ల ఫోటోలు పెద్దవి చేసి ఫ్రేము కట్టించి ఇవ్వడం ఆయన పని. అప్పుడప్పుడు యాత్రల బస్సుతో కూడా వెళ్లేవారు. ప్రతి గుడి దగ్గరా యాత్రికులను వరసగా నిలబెట్టి ఫోటో తీయాలి. నా పెళ్లికి ముందు అలాంటి ఒక యాత్రలో, ఉత్తరాదిన మంచుకొండల మధ్య, దారిమీద బండరాళ్లు పడి బస్సు ఆగిపోయింది. యాత్రికులు రోడ్డు పక్కన పొయ్యి పెట్టుకుని డ్రైవరును తిడుతూ కూర్చున్నారు. మావయ్య ఎదురుగా తలెత్తి చూశారట. నిట్టనిలువు కొండ. దాని కడుపులో తెల్లటి గోడలతో ఒక మఠం. బౌద్ధ సన్యాసులు ఉండే మఠం. "చూరు కింద పిచ్చుక గూడు పెట్టినట్టు పెట్టారమ్మాయ్, కింద ఆధారమే లేదు" అని జీవితాంతం చెప్పారు.

ఆయన దగ్గర ఒక చెక్క పెట్టె ఉండేది. గుంటూరులో స్టూడియో ఎత్తేసిన ఒక ముసలాయన ఇచ్చాడు. ముందు రెండు అద్దాలు, మధ్యలో ముక్కు పట్టేటంత వంపు, కింద పట్టుకోవడానికి పిడి. ఎదురుగా ఒక సన్నటి పట్టె, దాని మీద ముందుకూ వెనక్కూ జరిగే అడ్డచెక్క. ఆ అడ్డచెక్కలో అట్ట నిలబెట్టాలి. అట్ట మీద పక్కపక్కనే రెండు ఫోటోలుంటాయి. అద్దాల్లోంచి చూస్తే రెండూ కలిసి ఒకటైపోయి, దగ్గరిది దగ్గరగా, దూరానిది దూరంగా, మనం అక్కడే నిలబడ్డట్టు కనబడుతుంది. దాన్ని స్టీరియోస్కోప్ అంటారని ఈ మధ్య చదివాను. మా ఇంట్లో అందరూ కళ్ల పెట్టె అనేవాళ్లు.

మఠాన్ని ఆ పెట్టెలో చూడాలని మావయ్యకు పట్టుకుంది. మొదటి యాత్రలో తీసిన ఫోటో ఒక్కటే. దాన్నే రెండు కాపీలు కడిగి పక్కపక్కన అంటించి చూశారు. క్యాలెండర్ బొమ్మలాగా చప్పగా ఉంది. గుంటూరు ముసలాయన నవ్వాడట. నీ రెండు కళ్లూ ఒకేచోట ఉన్నాయా, ఎడమ కన్ను చూసింది వేరు, కుడి కన్ను చూసింది వేరు, ఒక ఫోటో తీశాక కెమెరాను పక్కకు జరిపి రెండోది తియ్యాలని చెప్పాడట. రెండోసారి వెళ్లినప్పుడు మావయ్య కెమెరాను మూరెడు జరిపారు. ఈసారి కొండ బొమ్మలకొలువులో పెట్టే కొండలాగా, చేతిలో పట్టేటంత కనబడింది. మూడోసారికి వడ్రంగి చేత గాడి తీసిన పలక చేయించుకుని, దాని మీద కెమెరాను రెండు కళ్ల మధ్య ఎంత ఎడముంటుందో అంతే జరిపారు. కొండ ఒక్కటే తీస్తే చాలదని కూడా అప్పటికి అర్థమైంది. అక్కడి వాళ్లు తాళ్లకు కట్టే గుడ్డ జెండాలను ముందు పెట్టుకుని, వాటి వెనక మఠం వచ్చేటట్టు తీశారు. ఆ అట్టే అన్నింటికంటే బాగా వచ్చింది. అదే ఆయన తీసిన చివరి కొండ ఫోటో.

ఇదంతా ఇప్పుడు వరసగా రాస్తున్నాను గానీ, అప్పట్లో ఇది నాకు ముక్కలుముక్కలుగా తెలుసు. మావయ్య వసారాలో చెబుతుంటే నేను వంటింట్లోకీ పెరట్లోకీ తిరుగుతూ ఉండేదాన్ని. ఒకే ఫోటోకు రెండు కాపీలు అన్న ముక్క నా చెవిన పడింది. మిగతాది పడలేదు.

నేను పెద్దకోడలిని, చదువులేనిదాన్ని. నా తర్వాత నాలుగేళ్లకు ఆమె వచ్చింది, పేట నుంచి, పదో తరగతి ప్యాసై. తెల్లటి చేతులు, వేళ్లకు పెంచిన గోళ్లు. మావయ్య అట్టల కింద తన చేత్తో ఒక్కో లైను రాసేవారు. అవి చదవడానికి ఇంట్లో ఆయనకొక మనిషి దొరికింది. సాయంత్రం సైకిలు స్టాండు వేస్తూనే "చిన్నమ్మాయ్, పెట్టె తీసుకురా" అనేవారు. అంతకు ముందు నాలుగేళ్లూ "పెద్దమ్మాయ్, మంచినీళ్లు" అనేవారు. మంచినీళ్ల పిలుపు అలాగే ఉంది, పెట్టె పిలుపు మాత్రం ఆమెకు వెళ్లింది. చిన్న విషయమే. నాకు మాత్రం రాత్రి అన్నం సయించేది కాదు.

పైగా ఒక ఇబ్బంది. మిర్చి సీజనులో నా చేతులు ఎప్పుడూ మండుతూ ఉండేవి. పొలంలో కోతలు, ఇంటికొచ్చాక కాయలకు తొడిమలు తీయడం. ఎన్నిసార్లు కడిగినా ఆ ఘాటు పోదు. ఆ చేతులతో కంటి దగ్గరికి ఏదీ తీసుకోకూడదు, మా వైపు ఇది చంటిపిల్లకు కూడా తెలుసు. అందుకని పెట్టెను నేను ముట్టుకునేదాన్ని కాదు, సీజను దాటాక కూడా అదే అలవాటైపోయింది. నేను చేతులు వెనక్కి కట్టుకుని మొహం ముందుకు పెడితే, ఆమె నా కళ్ల ముందు పెట్టె పట్టుకునేది, పసిపిల్లకు గ్లాసు పట్టినట్టు.

"కనబడిందా అక్కా?"

"ఆఁ."

నాకేమీ కనబడలేదు. రెండు కొండలు పక్కపక్కన, మసగ్గా, ఒకదాని మీదికి ఒకటి ఎక్కబోయి ఎక్కలేక ఆగిపోయినట్టు. అంతే. మా ఆయన చూసి "అబ్బో" అన్నాడు. మరిది చూసి మెట్లు లెక్కపెట్టాడు. అత్తయ్య చెయ్యి చాపి గాలిలో తడుముకుంటే అందరూ నవ్వారు. వాళ్లంతా పెట్టెను చేత్తో పట్టుకుని, అడ్డచెక్కను ముందుకో వెనక్కో లాక్కుని చూసేవాళ్లు. అది నేను చూస్తూనే ఉన్నా, ఎందుకు లాగుతున్నారో ఆలోచించలేదు. అత్తయ్యకూ చదువు లేదన్న సంగతి కూడా నాకు అడ్డు రాలేదు. చదువొచ్చిన కళ్లకే అది కనబడుతుందని తీర్మానించుకున్నాను. కుళ్లు పట్టిన మనిషికి ఎదుటివాళ్లలో ఒక్కరే కనబడతారు. నాకు కనబడింది ఆమె ఒక్కతే. పెట్టె కళ్ల దగ్గర పెట్టుకోగానే తడుముకోకుండా అనేది: "కొండ బయటికొచ్చేసింది మావయ్యా, మఠం చేత్తో తీసుకోవచ్చు."

ఒకరోజు కావాలనే ఆమె ముందు గంపెడు పండుమిరపకాయలు కుమ్మరించాను. "తొడిమలు తియ్యి, నాకు నడుం లాగేస్తోంది" అన్నాను. నడుం బాగానే ఉంది. ఆమె చేతులు కూడా మండాలి, అదీ నా కోరిక. ఆ సాయంత్రం ఆమె చేతులు ఎర్రబడిపోయి పెట్టె పట్టుకోలేకపోయింది. మావయ్యే లేచి ఆమెకు పట్టారు.

"ఎట్లా ఉంది చిన్నమ్మాయ్?"

"కొండ బయటికొచ్చేసింది మావయ్యా."

తర్వాత నాకు పట్టారు. నేనూ అదే మాట అన్నాను, అక్షరం పొల్లుపోకుండా. మావయ్య సంతోషపడిపోయి అత్తయ్యను కేకేశారు. "విన్నావా, ఇద్దరికీ ఒకేలాగా కనబడింది!"

ఎంత నిజం చెప్పారో ఆయనకు తెలియదు. నాకూ తెలియలేదు.

మావయ్య పోయిన తర్వాత అన్నదమ్ములు వేరుపడ్డారు. పొలం, గొడ్లు, బిందెలు, అన్నీ పెద్దమనుషుల ముందు తేలాయి. కళ్ల పెట్టె దగ్గరికి వచ్చేసరికి ఒక పెద్దాయన "చదువుకున్న పిల్ల, అట్టల మీద రాసినవి చదువుకుంటుంది, ఆమెకివ్వండి" అన్నాడు. అట్టలు కూడా పెట్టెతోపాటే అన్నాడు. నా ఒళ్లు మండిపోయింది.

"చివరి అట్ట నాకు కావాలి" అన్నాను.

"పెట్టె లేకుండా అట్టేం చేసుకుంటావే?" అన్నాడు మా ఆయన.

"ఊరుకోండి. మీకు తెలియదు."

"అదొక్కటీ వద్దక్కా. మావయ్య చేతి చివరిది" అంది ఆమె. ఆ మాటకు నాకు ఇంకా పట్టుదల వచ్చింది. అట్ట తీసుకుని చూశాను. రెండు ఫోటోలు, ఒకే కొండ, ఒకే మఠం, ఒకే జెండాలు. ఒకే ఫోటోకు రెండు కాపీలు అని చెవిన పడ్డ ముక్క గుర్తొచ్చింది.

"రెండున్నాయిగా. ఇద్దరం ఉన్నాం. గొడవెందుకు?" అని మిర్చి టిక్కీ బస్తాలు కుట్టేటప్పుడు పురికొస కోసే కత్తెర తెచ్చాను. "నీ ఇష్టం అక్కా" అంది ఆమె. పెద్దమనుషులు మెచ్చుకున్నారు. అట్ట మందంగా ఉంది, కత్తెర రెండుసార్లు మొరాయించింది. కోశాక రెండు ముక్కలూ పక్కన పెట్టి చూస్తే ఒకదాంట్లో మఠం మెట్ల మీద ఒక మనిషి ఉన్నాడు, గింజంత. రెండోదాంట్లో లేడు. మనిషి ఉన్నది నేను తీసుకున్నాను. నాకు ఒక మనిషి ఎక్కువ వచ్చాడు. ఆ రాత్రి అన్నం సయించింది.

తర్వాత వాళ్లు పేటలో కాపురం పెట్టారు. నా సగం కొండకు ఫ్రేము కట్టించి దేవుడి పటాల పక్కన తగిలించాను. ఎవరొచ్చినా చూపించేదాన్ని. "ఇంకో ముక్క మా చెల్లి దగ్గరుంది, దాంట్లో మనిషి లేడు" అని మరీ చెప్పేదాన్ని. పెళ్లిళ్లలో, చావుల్లో కలిసినప్పుడు ఆమెతో మాట్లాడేదాన్ని. ఆ అట్ట మాట మాత్రం ఇద్దరం ఎత్తలేదు.

నాకు యాభై ఆరేళ్లప్పుడు మా ఊరి బడి వరండాలో సాయంత్రం పూట ఆడవాళ్లకు చదువు చెప్పడం మొదలుపెట్టారు. ఊళ్లో ఆడవాళ్లు బస్సు బోర్డులు చదవడానికో, సంతకానికో చేరారు. నేను ఫ్రేములో మావయ్య రాసిన లైను చదవడానికి చేరాను. ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు. ఒత్తులు నన్ను ఏడిపించాయి. పలక మీద చెయ్యి తిరగడానికే మూడు నెలలు. ఏడాది దాటాక ఒక మధ్యాహ్నం ఫ్రేము దింపి ఒళ్లో పెట్టుకుని, వేలు పెట్టి చదివాను.

"మెట్ల మీద సన్యాసి కూర్చుని ఉన్నాడు. కెమెరా జరిపేలోగా" అని ఉంది. అక్కడితో ఆగిపోయింది. కత్తెర వెళ్లిన చోట.

కెమెరా జరిపేలోగా ఏమైంది? అది ఆమె ముక్క మీద ఉంది. ఆమెకు ఇన్నేళ్లుగా తెలుసు. నాకు ఒక మనిషి ఎక్కువ వచ్చాడని నేను మురిసిపోతుంటే, ఆ మనిషికి ఏమైందో ఆమె దగ్గరుంది. మళ్లీ ఒళ్లు మండింది. ఫ్రేము వెనక మేకులు పీకి అట్ట బయటికి తీశాను. వెనకవైపు ఎర్ర పెన్సిలుతో ఒకే ఒక్క మాట: ఎడమ.

మరునాడు బడిలో పంతులమ్మకు చూపించాను. ఆమె నా కూతురికంటే చిన్నది. విషయం విని నొచ్చుకున్నట్టు మొహం పెట్టింది.

"పెద్దమ్మా, ఇవి ఒకటే ఫోటో కాదండీ. ఇది ఎడమ కంటికి, అది కుడి కంటికి. రెండూ కలిస్తేనే ఒకటి."

"చూడ్డానికి ఒకేలా ఉన్నాయిగా అమ్మా?"

ఆమె వరండా పక్కన ఎండబోసిన మిరపకాయల్లోంచి ఒకటి తీసి నా ముక్కుకు జానెడు దూరంలో పట్టుకుంది. ఒక కన్ను మూసి చూడమంది, తర్వాత రెండోది. కాయ అటు గెంతింది, ఇటు గెంతింది. చెయ్యి కదలలేదు. ఇన్నేళ్లూ ఈ రెండు కళ్లతోనే తిరిగాను. రెండూ రెండు సంగతులు చెబుతున్నాయని ఎప్పుడూ గమనించలేదు.

ఆదివారం పేట బస్సెక్కాను. వాళ్లిల్లు హైవే పక్కన, మిల్లుల వెనక. వీధి తీగల మీద, కిటికీ ఊచల మీద దూది పోగులు వేలాడుతున్నాయి. తలుపు తీసి ఆమె ఆశ్చర్యపోయింది.

"ఏంటక్కా, చెప్పాపెట్టకుండా? ఎవరికన్నా బాగోలేదా?"

"అందరూ బాగానే ఉన్నారు. నీ ముక్క తియ్యి."

ఏ ముక్క అని అడగలేదు. లోపలికెళ్లి తెచ్చింది. కళ్ల పెట్టె, అట్టలు, చివరి అట్ట సగం, అన్నీ ఒక పాత చీర ముక్కలో. ఆమె సగం మీద లైను నేనే చదివాను, పైకి, ఆమెకు వినబడేలా. "లేచి లోపలికి వెళ్లిపోయాడు. ఎంతసేపు చూసినా మళ్లీ రాలేదు."

ఆమె నా మొహంకేసి చూసింది. "చదవడమొచ్చిందా నీకు?"

"వచ్చింది. ఏం, నీ ఒక్కదానికే రావాలా?"

"అబ్బ, వస్తూనే మొదలెట్టావ్. కాఫీ తాగి తిట్టొచ్చుగా."

కాఫీ తాగాక రెండు ముక్కలూ అతికించడానికి కూర్చున్నాం. ఫోటోల మీద జిగురు పడకుండా బోర్లా పెట్టి వెనకనుంచి ప్లాస్టరు వేద్దామంది. వెనక ఎర్ర పెన్సిలు అక్షరాలు చూసి, ఎడమ అన్నది ఎడమ పక్కన, కుడి అన్నది కుడి పక్కన నేనే సర్దాను. చదువొచ్చింది కదా. ప్లాస్టరు వేసి అట్టను తిప్పి పెట్టెలో నిలబెట్టాను. ఈసారి నా చేతులు శుభ్రంగా ఉన్నాయి, పెట్టె నేనే పట్టుకున్నాను. మసగ్గా ఉంటే చేతికి తగిలిన అడ్డచెక్కను కొంచెం వెనక్కి లాగాను. రెండు కొండలూ ఒకదాని మీదికొకటి ఎక్కి కూర్చున్నాయి. కానీ అదేదో తేడాగా ఉంది. ఆకాశం నా ముక్కు మీదికి వచ్చింది. కొండ గోతిలోకి దిగిపోయింది. దగ్గరుండాల్సిన జెండాలు ఎక్కడో అడుగున ఉన్నాయి.

"కనబడిందా?" అంది ఆమె.

"కొండ నూతిలో పడ్డట్టుందే."

"ఆఁ, అట్లాగే ఉంటది. నాకూ ఎప్పుడూ అట్లాగే కనబడేది."

పెట్టె దించి ఆమెకేసి చూశాను. "కొండ బయటికొచ్చేసిందనేదానివిగా?"

"అదే, బయటికే..."

"బయటికి కాదు, లోపలికి పోయింది. ఏం కనబడేది నీకు? సరిగ్గా చెప్పు."

ఆమె నాలుగైదు అట్టల మీద దుమ్ము తుడిచింది. తర్వాత నవ్వింది. నవ్వు బాగాలేదు.

"ఏమీ కనబడేది కాదక్కా. నాకు చిన్నప్పటినుంచీ ఎడమ కంటి చూపు మందం. పెళ్లిచూపుల్లో మా అమ్మా వాళ్లు చెప్పొద్దన్నారు. ఒకసారి దాచాక ఎట్లా చెబుతాను? అందరూ బయటికొచ్చిందంటే నేనూ అన్నాను. నాకు ఒక బొమ్మే కనబడేది, చదునుగా. మెట్ల మీద సన్యాసి అని మావయ్య రాసింది చదివేదాన్నే గానీ, పెట్టెలో ఆ సన్యాసి ఎక్కడున్నాడో నాకెప్పుడూ కనబడలేదు."

"మరి నేను కోస్తుంటే ఊరుకున్నావేం?"

"నాకు ఒకటైనా రెండైనా ఒకటేగా. వద్దంటే ఎందుకు వద్దంటున్నావని అడుగుతారు. ఏం చెప్పాలి?" అని, వెంటనే "మనిషున్నది నువ్వు తీసుకున్నావ్. అప్పుడు మాత్రం మండింది నాకు" అంది.

జాలి పడాలి. పడ్డానేమో, కొంచెం. ముందు వచ్చింది మాత్రం కోపం. ఆమెకు ఉందనుకుని ఇన్నేళ్లు నేను కుళ్లుకున్నది ఆమె దగ్గర లేనే లేదు. నేను గంపెడు మిరపకాయలు కుమ్మరించింది, అట్టను కోసింది, పడుకుని పై కప్పు చూస్తూ పళ్లు కొరికింది, అదంతా దేనికోసం? నన్నెవరో మోసం చేసినట్టనిపించింది. మోసం చేసినవాళ్లు ఎవరని అడిగితే చెప్పలేను.

ఏదో ఒకటి చెయ్యాలి కాబట్టి అట్టను బయటికి తీసి మళ్లీ చూశాను. ముందువైపు తిప్పితే సన్యాసి ఉన్న నా ముక్క కుడిపక్కన ఉంది. అప్పుడు తెలిసింది నేను చేసిన పని. బోర్లా పెట్టి సర్దినవి తిప్పితే తారుమారు కావా? చపాతీని తిరగేసినప్పుడు కూడా అంతేగా. ప్లాస్టరు పీకి ఈసారి బొమ్మలు పైకి ఉండగా ఎడమది ఎడమన పెట్టి, ఆమె అంచులు పట్టుకుంటే కోత గీత మీద ప్లాస్టరు నేను వేశాను. పెట్టెలో పెట్టి, అడ్డచెక్కను మెల్లగా జరుపుతూ చూశాను.

కొండ లేచి నిలబడింది.

ఎంతసేపు చూశానో తెలియదు. ఆమె నా మోచేయి పట్టుకుని కుదిపింది. "ఏం కనబడుతోంది? చెప్పవే అక్కా."

చెప్పాను. జెండాలు ముందున్నాయి, తాడు వదులుగా వేలాడుతోంది, చెయ్యి చాపితే తగిలేటట్టు. మఠం గోడలు వెనక. మెట్లు ఒకదాని వెనక ఒకటి. సన్యాసి ఉన్నాడు గానీ నిలకడగా లేడు, ఒక కంటికి ఉంటాడు, ఒక కంటికి ఉండడు, వెళ్దామా వద్దా అన్నట్టు మిణుకుమిణుకుమంటున్నాడు.

"అబద్ధాలు. నాలాగే నువ్వూ కల్పించి చెబుతున్నావ్" అంది ఆమె.

ఆ గొంతు నాకు తెలుసు. ఇన్నేళ్లూ నా లోపల విన్న గొంతే. దాన్ని ఆమె నోట వింటే నాకు హాయిగా ఉంది. ఉన్న మాట రాస్తున్నాను. పెట్టె తీసుకుని కళ్ల దగ్గర పెట్టుకుంది, ఒక కన్ను మూసింది, తెరిచింది, అడ్డచెక్కను అటూ ఇటూ లాగింది. తర్వాత నాకిచ్చేసింది.

"ఇంకోసారి చెప్పు. మెల్లగా."

మళ్లీ చెప్పాను. మూడోసారి కూడా చెప్పాను. ఒక్కటి మాత్రం మూడుసార్లూ చెప్పలేదు. జెండాలకూ మఠానికీ మధ్య ఏమీ లేని చోటొకటుంది. అక్కడ గాలి తప్ప ఏమీ లేదు. ఆ ఏమీ లేనిదే అన్నింటికంటే బాగా కనబడుతుంది. మావయ్య మూడు యాత్రలు చేసి తెచ్చింది దాన్నే అనుకుంటాను. చెబితే ఆమెకు ఇవ్వాల్సి వస్తుంది. ఇవ్వాలనిపించలేదు, నాకోసం ఉంచుకున్నాను.

ఇది ఆమె చదువుతుంది. చదవనీ. వచ్చే ఆదివారం నేను పేట వెళ్లాలి, ఇంకా పదకొండు అట్టలున్నాయి.